ఇచ్ఛాపురం నుంచి గోపాల్‌పూర్ దాకా: హాలిబట్ కోసం సముద్రానికి ఏ దారిన వెళ్లాలి?

సంక్రాంతికి ఊరికొచ్చే కుర్రాళ్లు నన్ను ఏటా ఒకటే అడుగుతారు. "సముద్రంలో గేలం వేయాలని ఉంది. ఒడ్డున నిలబడి వేస్తే చాలా, తెప్ప మాట్లాడుకోవాలా?" వాళ్లలో ఒకరిద్దరు ఫోన్లో వీడియో కూడా చూపిస్తారు. తలుపంత వెడల్పున్న హాలిబట్ చేపను నలుగురు కలిసి బోటులోకి లాగుతుంటారు. ఇలాంటిది మన దగ్గర పడుతుందా అని ఆశగా అడుగుతారు.

అంతటిది పడదు. కానీ హాలిబట్ మాత్రం మన దగ్గరా ఉంది. దాన్ని గేలంతో పట్టడానికి వెళ్లే దారులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో మీకు ఏది సరిపోతుందో మీ శరీరాన్ని బట్టి, మీ చేతిలో ఉన్న రోజుల్ని బట్టి, మీ వెంట వచ్చేవాళ్లను బట్టి ఉంటుంది. మా ఇల్లు ఇచ్ఛాపురం, ఉద్యోగం బరంపురం. పన్నెండేళ్లుగా నా ఆదివారాలు బారువ, దొంకూరు, సోనాపూర్, గోపాల్‌పూర్ ఒడ్డునే గడుస్తున్నాయి. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందు చేప సంగతి

వీడియోల్లో కనిపించేది పసిఫిక్ హాలిబట్. అలాస్కా, కెనడా పడమటి తీరాల చల్లని నీళ్లలో పెరుగుతుంది. 1996లో అలాస్కాలో గేలానికి 208 కిలోల చేప పడింది. బంగాళాఖాతంలో ఆ జాతి లేదు.

మన దగ్గర దొరికేది ఇండియన్ హాలిబట్. శాస్త్రనామం సెట్టోడెస్ ఎరుమి. బాగా పెరిగితే 64 సెంటీమీటర్లు, 9 కిలోల దాకా వస్తుందని లెక్క. గేలానికి మామూలుగా పడేది కిలో, కిలోన్నర. నా చేతికి వచ్చిన వాటిలో పెద్దది మూడు కిలోలకు కొంచెం తక్కువ తూగింది. బజార్లో దీన్ని నాలుక చేపల బుట్టలోనే కలిపేసి అమ్ముతారు కాబట్టి చాలామందికి వేరే చేపని కూడా తెలియదు.

గుర్తుపట్టడం తేలికే. నాలుక చేపకు నోరు చిన్నది, వంకరగా ఉంటుంది. దీనికి నోరు పెద్దది, లోపల వాడి పళ్లు. కళ్లు రెండూ ఒకే పక్కన ఉంటాయి. అందులో పైకన్ను సరిగ్గా తల అంచు మీద, బయటికి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. వీపు రెక్క తల మీద నుంచి కాకుండా కంటికి చాలా వెనక నుంచి మొదలవుతుంది. ఇంకో వింత ఏమిటంటే, బల్లపరుపు చేపల్లో చాలా జాతులకు కళ్లు ఎప్పుడూ ఒకే పక్కకు వస్తాయి. ఇందులో మాత్రం కొన్నిటికి ఎడమన, కొన్నిటికి కుడిన ఉంటాయి. రెండు చేపలు పడితే పక్కపక్కన పెట్టి చూడండి, పిల్లలకు భలే ఆసక్తిగా ఉంటుంది.

ఇది ఇసుక, బురద కలిసిన అడుగున ఒళ్లు దాచుకుని కాచుకుంటుంది. పైనుంచి చిన్న చేప వెళ్తే ఒక్క ఉదుటున పట్టేస్తుంది. ఎక్కువగా 22 నుంచి 50 మీటర్ల లోతులో ఉంటుంది. మన జాలర్ల లెక్కలో దగ్గర దగ్గర 12 నుంచి 27 బారలు. వేట ఎక్కువగా చీకట్లోనే. అందుకే తెల్లవారుజాము, పొద్దు వాలే వేళ మంచివి.

ఈ లోతు అంకె గుర్తుంచుకోండి. సగం నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది.

ఏమేం చూసుకోవాలి

గేలపు కర్ర ఏ కంపెనీది, రీలు ఏ సైజు అనే ప్రశ్నలతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అవి ఆఖరున చూసుకోవచ్చు. వాటికన్నా ముందు తేల్చుకోవాల్సినవి ఇవి.

మొదటిది, మీ ఎర ఎంత లోతుకు చేరుతుంది? 12 బారల అడుగు తగలకపోతే హాలిబట్ మీద ఆశ వదులుకోవాలి. వేరే మంచి చేపలు పడతాయి, అది వేరే సంగతి.

రెండోది, కెరటాలు విరిగే చోటు దాటాలా? చాలామంది తక్కువ అంచనా వేసేది దీన్నే. బారువ నుంచి గోపాల్‌పూర్ దాకా తెప్పలు చాలాచోట్ల ఇసుక మీద నుంచే నీళ్లలోకి దిగుతాయి. జెట్టీ మీద నుంచి చెప్పులేసుకుని బోటెక్కే పద్ధతి ఇక్కడ ఉండదు. ఒడ్డు దగ్గర రెండు మూడు వరసల్లో కెరటాలు విరుగుతుంటాయి. తెప్ప వాటిని ఎదురెక్కి దాటాలి, మళ్లీ వచ్చేటప్పుడు వాటి వీపు మీద దిగాలి. నడుం నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, ఈత రానివాళ్లకు, పదేళ్ల లోపు పిల్లలకు ఇది వద్దు.

మూడోది, కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కెరటం పెద్దది. అక్టోబరు తుపాన్ల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఆ నెలలో ప్లాన్ వేసుకుని టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు చాలాసార్లు ఒడ్డు చూసి వెనక్కి వెళ్లారు. డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

నాలుగోది, చట్టం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆంధ్ర వైపు మర పడవలకే కాదు, ఇంజను బిగించిన తెప్పలకు కూడా అది వర్తిస్తుంది. ఒడిశా వైపు ఇంకోటి కూడా ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ధామ్రా, దేవి, రుషికుల్య నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట మీద ఆంక్షలు ఉంటాయి. అంటే సముద్రం బాగుండే నెలల్లోనే రుషికుల్య వైపు దారి మూసుకుంటుంది. గంజాం వైపు తెప్ప ఎక్కే ముందు ఆ ఏడాది హద్దు ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

అయిదోది, మిమ్మల్ని తీసుకెళ్లే మనిషి. దీని గురించి కింద తెప్ప దగ్గర వివరంగా రాశాను.

ఖర్చు వీటన్నిటి తర్వాతే.

| దారి | చేరే లోతు | కెరటాలు దాటాలా | హాలిబట్ అవకాశం | మంచి కాలం | ఎవరికి |
|---|---|---|---|---|---|
| ఒడ్డు మీద నుంచి | ఒకటి రెండు బారలు | అక్కర్లేదు | లేనట్టే | నవంబరు–మార్చి | పిల్లలు, పెద్దవాళ్లు, కొత్తవాళ్లు |
| మొగ దగ్గర | రెండు మూడు బారలు | అక్కర్లేదు | చాలా తక్కువ | ఆటుపోటు బలంగా ఉన్న రోజులు | వారం వారం వెళ్లగలిగేవాళ్లు |
| ఫైబర్ తెప్ప | 12–20 బారలు | తప్పదు | బాగుంది | డిసెంబరు–మార్చి మధ్య | ఒంట్లో సత్తువ, ఈత ఉన్నవాళ్లు |
| పెద్ద మర బోటు | 20 బారలు, పైన | అక్కర్లేదు, హార్బరు నుంచే | ఉంది | నిషేధం లేని నెలలు | సరదాకి వెళ్లేవాళ్లకు వద్దు |
| అలాస్కా చార్టర్ (అద్దె బోటు) | 20 నుంచి 50 బారలు, పైన | అక్కర్లేదు | అసలైన పెద్ద హాలిబట్ | మే–సెప్టెంబరు | అమెరికాలో ఉన్నవాళ్లు |

ఒడ్డు మీద నుంచి

సోనాపూర్, దొంకూరు, బారువ, గోపాల్‌పూర్, ఎక్కడైనా సరే పదడుగుల కర్ర, వంద గ్రాముల సీసం గుండు, రొయ్య ఎర ఉంటే చాలు. గొరకలు, జెల్లలు, అదృష్టం బాగుంటే మాగ పడతాయి. మంచి సామాను నాలుగైదు వేలలో వస్తుంది, ఆ తర్వాత ఎర ఖర్చే.

హాలిబట్ కావాలనుకునేవాళ్లకు ఇది చాలదు. ఎంత బలంగా విసిరినా గుండు పడేది ఒకటి రెండు బారల నీళ్లలోనే. అయినా మొదటి నెల రోజులు ఇక్కడే గడపమని చెబుతాను. గాలికి దారం ఎలా వంగుతుందో, అడుగున నీరు ఏ వైపు ఈడుస్తుందో, చేప కొరకడానికీ కెరటం లాగడానికీ చేతికి తేడా ఎలా తెలుస్తుందో ఒడ్డునే నేర్చుకోవచ్చు. తెప్ప మీద నేర్చుకుందామంటే అక్కడ గంటకింతని డబ్బు పోతుంటుంది, కడుపులో తిప్పుతుంటుంది, ఏదీ బుర్రకెక్కదు.

ఇంటిల్లిపాదీ వెళ్తుంటే మాత్రం వేరే ఆలోచన వద్దు, ఇదే సరి. గోపాల్‌పూర్ ఒడ్డున పిల్లలు ఆడుకుంటారు, మీరు కర్ర పట్టుకుని నిలబడతారు. ఒక్క జాగ్రత్త. గేలం వెనక్కి ఎత్తి విసిరేటప్పుడు వెనకాల ఎవరున్నారో చూసుకోండి.

మొగ దగ్గర

నది సముద్రంలో కలిసే చోటును మనం మొగ అంటాం. ఇచ్ఛాపురం పక్కన పారే బాహుదా సోనాపూర్ దగ్గర్లో కలుస్తుంది. మహేంద్రతనయ బారువ దగ్గర కలుస్తుంది. నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే.

కారణం పండుగప్ప. పోటు ఎక్కేటప్పుడు ఉప్పునీటితో పాటు చిన్న చేపలు మొగలోకి వస్తాయి, వాటి వెనకే పండుగప్ప వస్తుంది. ఆటు తీసేటప్పుడు నది తెచ్చిన రొయ్యపిల్ల కోసం మొగ అంచున కాస్తుంది. అమావాస్య, పున్నమి దగ్గరి రోజుల్లో నీటి పరుగు బాగా ఉంటుంది కాబట్టి ఆ రోజులు చూసుకోండి. తెప్ప మీద అడుగు వేటకు మాత్రం ఇదే లెక్క తిరగబడుతుంది. ఈడ్పు ఎక్కువైతే గుండు అడుగున ఆగదు, అందుకని అక్కడికి అష్టమి దగ్గరి రోజులు మేలు. పంచాంగం గోడకు ఉంటే చాలు, వేరే యాప్ అక్కర్లేదు.

మొగ దగ్గర భయపడాల్సింది నీటి పరుగుకే. ఇసుక తిన్నె మీద మోకాలు లోతులో నిలబడ్డామనుకుంటాం, పాదాల కింద ఇసుక కరిగి అరగంటలో నడుం లోతు అవుతుంది. ఆటు తీస్తుంటే ఆ నీరు సముద్రంలోకి ఈడుస్తుంది. నీళ్లలో దిగి వేయాలనే ఆశ వద్దు, గట్టి ఒడ్డు మీదే నిలబడండి. ప్రతి వాన తర్వాత మొగ కొంచెం చోటు మారుతుంది, కాబట్టి పోయినేడాది నిలబడ్డ చోటే ఈ ఏడాదీ గట్టిగా ఉంటుందనుకోకండి.

రుషికుల్య మొగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫిబ్రవరి, మార్చిలో వేలాది తాబేళ్లు గుడ్లు పెట్టడానికి అక్కడి ఇసుకకు వస్తాయి. ఆ రోజుల్లో గేలాలు పట్టుకుని అటు వెళ్లకండి. చూడాలనుంటే ఖాళీ చేతులతో, టార్చి లైటు లేకుండా, అటవీశాఖ వాళ్లు చెప్పిన చోట నిలబడి చూడండి. అది చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు.

ఫైబర్ తెప్ప మీద

హాలిబట్టే కావాలంటే, మన తీరంలో నేను చెప్పగలిగే దారి ఇదొక్కటే.

పాతకాలం కట్టె తెప్పల చోట ఇప్పుడు ఫైబర్ పడవలు వచ్చాయి. అయినా అందరం తెప్పనే అంటాం. వెనకాల బయటికి తగిలించిన ఇంజను, ముగ్గురు నలుగురు మనుషులు. గోపాల్‌పూర్‌లో ఒడియా రాదని భయం అక్కర్లేదు. అక్కడి వాళ్లు నోలియాలని పిలిచే జాలర్లలో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. బేరం, వేళ, వాతావరణం అన్నీ మన మాటలోనే మాట్లాడుకోవచ్చు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఒడ్డున ఉండాలి. తెప్పను అందరూ భుజం పట్టి నీళ్లలోకి తోస్తారు, మీరూ తోయాలి. నీళ్లు నడుం దాకా వచ్చాక ముందు ఉన్నవాడు కెరటాల వైపు చూస్తూ చెయ్యెత్తి ఆపుతాడు. ఒకటి విరుగుతుంది, ఇంకోటి విరుగుతుంది. మూడోది విరిగి నీళ్లు పల్చబడగానే అరుస్తాడు. అప్పుడు ఒక్క ఉరుకున ఎక్కాలి. ఇంజను అందుకుంటుంది, తెప్ప ముక్కు ఆకాశం వైపు లేచి దబ్బుమని కిందపడుతుంది. ఆ దెబ్బకు వెన్నుపూస కదిలినట్టు ఉంటుంది. చెక్క మీద కూర్చోకుండా గొంతుక్కూర్చుని మోకాళ్ల మీద బరువు ఆపుకుంటే కొంత నయం. రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఆ తర్వాత నీళ్లు నూనె పోసినట్టు ఉంటాయి, తూర్పున ఎర్రబడుతుంటుంది.

గంటో గంటన్నరో పోయాక తెప్ప అన్న దారానికి గుండు కట్టి లోతు చూస్తాడు. పద్నాలుగు, పదిహేను బారలు తగిలి, గుండుకు రాసిన సబ్బుకు ఇసుకతో బురద అంటుకుని వస్తే చోటు మంచిదని లెక్క. ఇంజను ఆపేస్తారు. తెప్పను నీటి ఈడ్పుకే వదిలేసి గేలాలు దింపుతారు.

సామాను ఇలా పెట్టుకోండి. ఏడడుగుల గట్టి కర్ర, లేదంటే వాళ్ల చేతిగేలమే. గుండు 150 నుంచి 200 గ్రాములు. గేలం దగ్గర రెండు మూరల మందపాటి నైలాన్, ఎందుకంటే ఆ పళ్లకు సన్నదారం ఆగదు. గేలం సర్కిల్ హుక్ కొనండి. కొన లోపలికి వంగి ఉంటుంది, చేప మింగినా కడుపులో గుచ్చుకోకుండా పెదవి మూలకే పడుతుంది. చిన్నదాన్ని వదిలేయాలన్నా, పొరపాటున తాబేలు తగిలినా ప్రాణానికి ముప్పు తక్కువ. ఎరగా బతికున్న చిన్న గులివింద మేలు. కవళ్లు, కానాగంత ముక్క కూడా పనికొస్తాయి. గుండు అడుగున టక్కు టక్కుమని తగులుతూ జరుగుతుండాలి. ఆగిపోతే చేప చూడదు, లేచిపోతే చేపకు అందదు.

హాలిబట్ కొరికితే జిల్లుమనదు. పార చేపలా దారం లాక్కుపోదు. గుండు ఏదో గోనెసంచికి తగులుకున్నట్టు బరువుగా ఆగుతుంది. నేను మొదటిసారి అడుగు పట్టుకుందనుకుని కర్ర ఎగరేసి లాగబోయాను. పక్కనున్న పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "లాగీకండి బాబూ. ఆడు నోట్లో ఎట్టుకున్నాడు, మింగనీండి." పది అంకెలు లెక్కపెట్టాక మెల్లగా చుట్టమన్నాడు. బరువు అలాగే పైకి వచ్చింది, చేప ఉందని కూడా నమ్మకం కలగలేదు. తీరా నీళ్ల పైకి రెండు బారలు ఉందనగా వెలుతురు చూసి ఒక్కసారిగా కిందకు దూకింది. రీలు బిగించి ఉంచి ఉంటే దారం తెగిపోయేది. అందుకే ఆఖరి రెండు బారల దగ్గర రీలు కొంచెం వదులు చేసుకోండి, చేతి వల సిద్ధంగా పెట్టుకోండి.

ఇక మనిషి సంగతి. నా మూడో ప్రయాణంలో జరిగింది చెబుతాను. మార్చి నెల. మాట్లాడుకున్న తెప్పవాళ్లు ఆలస్యంగా వచ్చారు, బయలుదేరేసరికి ఎనిమిదైంది. చేపలు పడుతున్నాయని మేమూ ఆశపడ్డాం, మధ్యాహ్నం రెండు దాటింది. ఫిబ్రవరి తర్వాత మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేస్తుంది, కెరటం పెరుగుతుంది. ఒడ్డు దగ్గరకు వచ్చేటప్పుడు తెప్ప అడ్డం తిరిగి ఒరిగింది. నా స్నేహితుడి భుజం పట్టు తప్పింది, సామానంతా పోయింది. లైఫ్ జాకెట్లు వేసుకుని ఉన్నాం కాబట్టి అంతటితో పోయింది. ఆ రోజు నుంచి పదకొండు గంటలకు ఒడ్డున ఉండాలనేది నా నియమం, చేపలు పడుతున్నా సరే.

కాబట్టి తెప్ప మాట్లాడేటప్పుడు డబ్బు గురించి తర్వాత, ఇవి ముందు అడగండి. తెప్పకు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? మనుషులందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? లేకపోతే మీవే కొని తీసుకెళ్లండి, అద్దెకు దొరుకుతాయని నమ్ముకోవద్దు. బయటి మనుషుల్ని ఎక్కించుకోవడానికి ఆ రేవులో అనుమతి ఉందా అని మెరైన్ పోలీసు స్టేషన్లో కనుక్కోండి, మీ పేర్లు రాయించి వెళ్లండి. తీర రక్షక దళం నంబరు 1554, తీర భద్రత పోలీసు నంబరు 1093, రెండూ ఫోన్లో వేసుకోండి. ముందురోజు సాయంత్రం వాతావరణ శాఖ జాలర్లకు ఇచ్చే హెచ్చరికను, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల అంచనాను చూడండి.

ఖర్చు ఇంతని ఖాయంగా చెప్పలేను. నేనైతే ముగ్గురు మనుషుల ఒక రోజు కూలి, ఇంజను నూనె కలిపి నాలుగు నుంచి అయిదు వేలు ఇస్తుంటాను. నలుగురు స్నేహితులు పంచుకుంటే పెద్ద భారం కాదు. గీచి గీచి బేరం ఆడకండి. ఆ రోజు వాళ్లు తమ వేట మానుకుని మీతో వస్తున్నారు.

వాంతుల టెన్షన్ ఉన్నవాళ్లు అవోమిన్ మాత్ర డాక్టరును అడిగి ముందే వేసుకోండి. తెప్ప ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. ఖాళీ కడుపుతోనూ వెళ్లకండి, పూరీలు తినీ వెళ్లకండి. రెండు ఇడ్లీలు చాలు. తిప్పినట్టు అనిపిస్తే ఫోను, గేలం ముడులు చూడటం మానేసి దూరంగా కొండల వైపు చూడండి. బారువ ముందున్న నీళ్ల నుంచి తెల్లారితే మహేంద్రగిరి వరస కనిపిస్తుంది, కంటికి ఆధారం దొరుకుతుంది.

పెద్ద మర బోటు మీద

మన శ్రీకాకుళం, గంజాం జిల్లాల తీరంలో పెద్ద ఫిషింగ్ హార్బరు లేదు, దీనికోసం విశాఖకో పారదీప్‌కో వెళ్లాలి. ఆ బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి. అది సరంగుకీ కళాసీలకీ బతుకుతెరువు. మధ్యలో మన గేలం సరదా వాళ్లకు అడ్డం. పడుకోవడానికి చోటుండదు, మధ్యలో దిగుతామంటే కుదరదు. తెలిసినవాళ్లు ఉన్నారని కొందరు వెళ్తుంటారు, నేను మాత్రం వద్దంటాను.

అలాస్కా వెళ్లి పట్టాలనుకునేవాళ్లకు

మా బావమరిది ఎంకరేజ్‌లో ఉంటాడు. ఏటా వేసవిలో హోమర్ అనే ఊరికి వెళ్లి చార్టర్ బోటు ఎక్కుతాడు. రోజంతా తీసుకెళ్లే బోటుకు మనిషికి సుమారు 300 నుంచి 400 డాలర్లు. కర్ర, ఎర, గేలం అన్నీ వాళ్లవే. వేట లైసెన్సు మాత్రం మీరే తీసుకోవాలి, ఆన్‌లైన్లో దొరుకుతుంది. హార్బరు నుంచి మెట్లు దిగి బోటెక్కుతారు, అందుకే అరవై దాటినవాళ్లు కూడా ధైర్యంగా వెళ్తారు.

అక్కడి లెక్క వేరు. 1923లోనే అమెరికా, కెనడా కలిసి హాలిబట్ కోసమే ఒక కమిషన్ పెట్టుకున్నాయి. రోజుకు ఎన్ని, ఏ సైజువి ఉంచుకోవచ్చో ఏటా నిర్ణయిస్తారు, చార్టర్ బోట్లకు వేరే నిబంధనలు. వెళ్లే ముందు ఆ ఏడాది నిబంధన చూసుకోవాలి. పట్టిన చేపను రేవులోనే ముక్కలు కోసి, గాలి తీసి ప్యాక్ చేసి, గడ్డకట్టించి ఇస్తారు.

అమ్మానాన్నలు అమెరికా వెళ్లినప్పుడు పిల్లలు ఒక మంచి అనుభవం ఇద్దామనుకుంటే దీనికి మించింది లేదు. దీనికోసమే ఇక్కడి నుంచి డబ్బు పోసుకుని వెళ్లడం మాత్రం నాకు సబబుగా అనిపించదు. ఆ డబ్బుతో రెండు మూడు శీతాకాలాలు ప్రతి ఆదివారం తెప్ప ఎక్కొచ్చు.

ఎవరికి ఏది

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చి మూడు రోజులే ఉంటే, తెప్ప ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి. మొదటి రోజు పొద్దున తెప్పకు మాట్లాడండి. సముద్రం బాగోలేకపోతే మర్నాటికి జరపండి. అదీ కుదరకపోతే మూడో రోజు మొగ. ఆఖరి రోజుకే తెప్ప పెట్టుకుంటే, బాగోలేని సముద్రంలోకి కూడా వెళ్లాలనిపిస్తుంది. ప్రమాదాలు అలాగే జరుగుతాయి.

బరంపురం, పలాస, సోంపేట వైపు ఉద్యోగం చేసుకుంటూ వారం వారం వెళ్లగలిగితే, మొగను మీ చోటు చేసుకోండి. శీతాకాలంలో నెలకోసారి తెప్ప. ఒకే తెప్ప అన్నతో వరసగా వెళ్తే మూడో ప్రయాణం నుంచి మంచి చోట్లు చూపిస్తాడు. మనిషిని మార్చి మార్చి వెళ్తే ఎవరూ చూపించరు.

బీపీ, షుగర్ ఉండి రిటైరైన పెద్దలు ఒడ్డూ మొగలతో తృప్తిపడమని ప్రేమగా చెబుతున్నాను. మొగ దగ్గర పండుగప్ప పడిందంటే హాలిబట్ మాటే గుర్తు రాదు.

ఈత రాని కుర్రాళ్లు ముందు ఈత నేర్చుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు.

పడిన చేప గురించి కూడా ఒక మాట. జానెడు కన్నా చిన్నదైతే మేం వదిలేస్తాం. తాబేలు తగిలితే దారం గేలానికి దగ్గరగా కోసి వదిలేయాలి, అది వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి. ఉంచుకున్న చేపలో సగం తెప్పవాళ్లకు ఇవ్వండి. హాలిబట్ మాంసం తెల్లగా, ముళ్లు తక్కువగా ఉంటుంది. పులుసులో విరిగిపోతుంది కాబట్టి పసుపు, ఉప్పు, కారం, కాస్త అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద రెండు వైపులా కాల్చితే మంచిది. మా ఇంట్లో అమ్మ చింతపండు రసం చుక్క కూడా తగలనివ్వదు.

ఇవన్నీ చూసుకుని తెప్పకే వెళ్లాలని తేల్చుకున్నాక, ముందురోజు రాత్రి తెప్ప అన్నకు ఫోన్ చేయండి. డబ్బు సంగతి, వేళ సంగతి అయిపోయాక ఒకటి అడగండి: "అన్నా, రేపు మీ అబ్బాయిని కూడా తీసుకొస్తారా?" వెంటనే తెస్తానంటే నాలుగున్నరకు ఒడ్డున ఉండండి. కాస్త ఆగి "చూద్దాం బాబూ" అంటే, సామాను సర్దుకుని బాహుదా మొగకు బయలుదేరండి.